ఒక తల ఎక్కువ

1967 డిసెంబరు చివరి వారంలో నన్ను పండగ బజార్ల యాత్రకు ఇన్‌చార్జి గైడ్‌గా వేశారు. ఆబిడ్స్‌లో ఉన్న ఒక ప్రైవేటు ట్రావెల్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. రంజాన్ నెల ఏటా పదిపదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి కొన్నేళ్లపాటు చలికాలంలో వస్తుంది. ఆ ఏడు సరిగ్గా క్రిస్మస్ సెలవుల్లో పడింది. పత్తర్‌గట్టిలో ఒక కొట్టు ముందు సేమియా గుట్టలు, పక్క కొట్టులో కాగితపు నక్షత్రాలు, ఆ పైన సంక్రాంతికి ముందే వచ్చేసిన పతంగులు. మూడు పండగల సరుకు ఒకే వీధిలో చూపించవచ్చని కంపెనీ ఈ యాత్ర పెట్టింది.

ఈ పనిలో రెండు హోదాలుంటాయి. జెండా పట్టుకుని ముందు నడిచేవాడు ఇన్‌చార్జి. వరస చివర నడుస్తూ వెనకబడినవాళ్లను కలుపుకొచ్చేవాణ్ణి తోక అంటాం. నా తోక యాదగిరి. మొఘల్‌పురాలో పుట్టి పెరిగినవాడు, నోరు ఊరుకోదు. యాత్రికులందరి భుజాలకూ పసుపు రిబ్బన్ గుచ్చుతాం. ఆగిన ప్రతిచోటా ముందు నేను, తర్వాత తోక, తలలు లెక్కపెడతాం. ఇద్దరి లెక్కా కలిస్తేనే వరస కదలాలి. ఆ రోజు మా వెంట ఉన్నది ఇరవైరెండుమంది. కాకినాడ దగ్గరి ఒక హైస్కూలు ఉపాధ్యాయులు, కొందరి భార్యలు. వాళ్లకు పెద్ద హెడ్మాస్టరు సోమయాజులు గారు.

నా గురించి ఒక్క మాట చెప్పాలి. ఆ రోజుల్లో నేను సభలెక్కి వాదించేవాణ్ణి. నాలుగు దారులు కలిసేచోట దిష్టి తీసి పడేసిన నిమ్మకాయలను తొక్కుకుంటూ నడిచి, నాకేమైందో చూడండని జనాన్ని అడిగేవాణ్ణి. సాక్ష్యం లేని ఏ మాటనైనా మూడు ప్రశ్నలతో పడగొట్టవచ్చని నా నమ్మకం. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, ఎక్కడ చూశారు. ఈ మూడింటికీ నిలిచిన మూఢనమ్మకాన్ని అప్పటిదాకా నేను చూడలేదు.

ఆ నెల నగరంలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని పుకారు. మిఠాయిలో మత్తు పెడతారట, ఆడవాళ్లేనట. పుకారుకు గుడి అక్కర్లేదు, పూజారి అక్కర్లేదు, ముహూర్తం అక్కర్లేదు. నోరుంటే చాలు. కంపెనీలో మాకు చెప్పింది మాత్రం ఒకటే: యాత్రికులు వీధిలో పిల్లలెవరికీ తినడానికి ఏమీ ఇవ్వకుండా చూసుకోమని.

మదీనా చౌరస్తాలో బస్సు ఆపి, పత్తర్‌గట్టి కమానుల కింద నడిచి, చార్మినార్, లాడ్ బజార్ చూసుకుని తిరిగి వస్తున్నాం. పొద్దు గుంకబోతోంది. ఉపవాసం విడిచే సైరన్ మోగేలోపు బస్సెక్కాలి. మోగాక కొట్లవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడ తినడానికి కూర్చుంటారు, కాసేపు వీధిలో బండి కదలదు. గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ దగ్గర వరసను ఆపి లెక్కపెట్టాను. ఇరవైమూడు వచ్చింది.

తక్కువ రావడం మాకు అలవాటే. ఎక్కువ రావడం అంతకుముందెప్పుడూ లేదు. మళ్లీ లెక్కపెట్టాను. ఈలోగా యాదగిరి ముందుకొచ్చి నెమ్మదిగా అన్నాడు, “సార్, ఒక తల ఎక్కువొస్తుంది. రిబ్బన్ లేదు. టీచరమ్మ పక్కన సూడున్రి.”

వరలక్ష్మి గారని, లెక్కల టీచరు. ఆవిడ చెయ్యి పట్టుకుని ముప్పై ఏళ్ల ఆడమనిషి ఒకామె నిలబడి ఉంది. ముతక దుప్పటి నెత్తిన కప్పుకుంది. రవిక చెయ్యి చిరిగి ఉంది. దగ్గరికి వెళ్లి ఎవరు నువ్వని అడిగాను. ఆమె నా వైపు చూడలేదు. “కొడ్తరు అక్కా,” అని మాత్రం వరలక్ష్మి గారితో అంది. అప్పుడే పక్కనున్న పతంగుల సందులోంచి అరుపులు వినిపించాయి. పిల్లల్ని పట్టే ఆమె ఇటే పోయిందని ఎవరో అంటున్నారు.

సోమయాజులు గారు నా మోచెయ్యి పట్టుకుని, ఇది మన గొడవ కాదు, ఆవిణ్ణి పంపించెయ్యండి అన్నారు. వృత్తి నియమం ప్రకారం ఆయన చెప్పింది సరైనదే. బయటి మనిషిని వరసలో ఉంచకూడదు. నన్ను నమ్మి వచ్చినవాళ్లు ఇరవైరెండుమంది. పైగా ఇంకొక భయం పట్టుకుంది, అది రాయడానికి ఇప్పటికీ ఇబ్బందిగా ఉంది. ఈమె నిజంగానే పిల్లల్ని ఎత్తుకుపోయే మనిషైతే? కాదనడానికి నా దగ్గర సాక్ష్యం ఏముంది? అవుననడానికి వాళ్ల దగ్గర ఎంత ఉందో అంతే, అంటే ఏమీ లేదు. నేను ఎటూ తేల్చుకోకముందే వరలక్ష్మి గారు తన భుజం మీది రిబ్బన్ తీసి ఆమె దుప్పటికి గుచ్చారు. కళ్లజోడు, చేతిసంచి ఉన్న టీచరును ఎవరూ అనుమానించరని ఆవిడ లెక్క.

అంతలోనే గుంపు వచ్చేసింది. ఇందరని చెప్పలేను. ఆ బజారు ఎలాంటిదో గుంపూ అలాంటిదే, అన్ని రకాలవాళ్లూ ఉన్నారు. చేతుల్లో కర్రలున్నవాళ్లు కొందరు. సేమియా పొట్లాలు ఇంకా చంకలోనే ఉన్నవాళ్లు కొందరు. ముందున్నవాడు మాంజా చుట్టే మనిషి. గాజుపొడి కోయకుండా వేళ్లకు గుడ్డపీలికలు కట్టుకుని ఉన్నాడు. ఒక ఆడమనిషి ఇటు వచ్చింది, చూశారా అని నన్ను మర్యాదగానే అడిగాడు.

చూడలేదని చెప్పి కదిలి ఉంటే అయిపోయేదేమో. నేను సభలో నిలబడ్డట్టు నిలబడ్డాను. ఎవరి పిల్ల పోయింది, పేరేమిటి, ఎత్తుకుపోతుంటే చూసిందెవరు అని అడిగాను. మూడూ మంచి ప్రశ్నలే. మొదటిదానికే అతని ముఖం మారిపోయింది.

“గయన్నీ నీకెందుకు సాబ్? మా పోరగాల్లు పోతే నువ్వు తెచ్చిస్తవా?”

వెనక నుంచి ఎవరో, వీడే దాస్తుండు, అన్నారు. ఆ ఒక్క మాటతో గుంపు మా చుట్టూ మూసుకుంది. అప్పటిదాకా నా ప్రశ్నలు విన్నవాళ్లందరూ కుర్చీల్లో కూర్చుని విన్నవాళ్లని అప్పుడు తోచింది. వీళ్లకు నా ప్రశ్న ప్రశ్నలా వినిపించలేదు. వాళ్ల పిల్లలు పోయినా నాకు పట్టదన్నట్టు వినిపించింది.

మాంజా మనిషి నన్ను వదిలేసి మా వరసను పైనుంచి కిందిదాకా చూశాడు. అతని చూపు దుప్పటి దగ్గర ఆగింది. నేరుగా సోమయాజులు గారి దగ్గరికి వెళ్లాడు.

“పెద్దాయనా, మీరు చెప్పున్రి. గీళ్లందరు మీవోళ్లేనా?”

ఆయన కాదంటారనే అనుకున్నాను. పంపించెయ్యమన్న మనిషి. నిత్యం సంధ్య వార్చుకునే మనిషి, అబద్ధమాడితే కళ్లు పోతాయని పిల్లలకు చెప్పే మనిషి. దాని మీద బస్సులో నాతో వాదం కూడా వేసుకున్నారు. ఆయన కండువా సర్దుకున్నారు.

“మావాళ్లే బాబూ. ఆవిడ మా వంటమనిషి. మూగది.”

మాంజా మనిషి ఆమె ముందుకు వంగి, పేరేందమ్మా అని అడిగాడు. ఆమె పెదవులు కదిలాయి. ఒక్క మాట, ఏ మాటైనా సరే, బయటికి వస్తే చాలు. కాకినాడ వంటమనిషి నోట తెలంగాణ మాట ఎలా వస్తుంది? వరలక్ష్మి గారు పట్టుకున్న చేతిని ఎంత గట్టిగా నొక్కారంటే ఆవిడ వేళ్లు తెల్లబడ్డాయి. ఆమె నోరు మూసుకుంది. తల అడ్డంగా ఊపింది.

వెనక నుంచి యాదగిరి అందుకున్నాడు. “ఏంది భాయ్, పోరగాల్లను ఎత్తుకపోనీకి కాకినాడ నుంచి టికెట్ కొనుక్కొని వస్తరా? ఆడ పోరగాల్లు లేరా ఏంది?”

ఎవరో నవ్వారు. మాంజా మనిషి నవ్వలేదు, కానీ వంగినవాడు లేచి నిలబడ్డాడు. అతను ఇంకేదో అడగబోతుండగా సైరన్ మోగింది. ఉపవాసం ఉన్నవాళ్లు కొట్ల వైపు తిరిగారు. ఒక గాజుల కొట్టు ఆసామి ఖర్జూరాల పళ్లెం పట్టుకుని అందరినీ పిలుస్తున్నాడు. మిగిలినవాళ్లు తాము ఎంత తక్కువమందో ఒకరినొకరు చూసుకుని తెలుసుకున్నారు. నేను జెండా ఎత్తాను. లెక్కపెట్టకుండానే వరసను కదిలించాను. మదీనా చేరేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే పరుగెత్తుతానని భయం.

బస్సు నయాపూల్ దాటాక ఆమె నోరు విప్పింది. పేరు ఎల్లమ్మ. ఇళ్లు కట్టేచోట ఇటుకలు మోసే కూలీ. “గాజులు కొనియ్యలేదని ఎవరిదో పోరి ఏడుస్తుంటే నువ్వుల ముద్ద ఇచ్చిన బాపు. గంతే,” అంది. గౌలిగూడ బస్టాండు దగ్గర దిగిపోయింది. రిబ్బన్ దుప్పటికే ఉండిపోయింది, ఎవరమూ అడగలేదు.

సోమయాజులు గారి ధైర్యాన్ని మెచ్చుకోబోయాను. ఆయన విసుక్కున్నారు. ధైర్యమూ లేదు పాడూ లేదన్నారు. కాదంటే ఇంతసేపు ఎందుకు ఊరుకున్నావని ముందు తననే పట్టుకునేవారట. ఆ భయంతోనే వంటమనిషి అనే మాట నోటికి వచ్చిందట. నోరు విప్పితే యాస పట్టిస్తుందని మూగదన్నారట. పాఠం చెప్పినంత వరసగా చెప్పి కళ్లు మూసుకున్నారు.

మర్నాడు యాదగిరి ఆ సందులోకి వెళ్లి కనుక్కొచ్చాడు. ఎవరి పిల్లా పోలేదు. ఆ పోరి తల్లి కొంగు పట్టుకునే ఉందట. అంటే నా మూడు ప్రశ్నలకూ జవాబు ముందు రోజు కూడా అక్కడే, నాలుగడుగుల దూరంలోనే ఉంది. వెళ్లి చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ప్రశ్నించడం నేను మానలేదు. సభల్లో ఇంకా గట్టిగానే అడిగాను. కానీ రిటైరయ్యేదాకా నా కింద పనిచేసిన ప్రతి గైడుకూ ఒక నియమం నేర్పాను. అది కంపెనీ నిబంధనల్లో ఎక్కడా లేదు. తల ఒకటి తగ్గితే ఆగి వెతకాలి. తల ఒకటి పెరిగితే ఆగకూడదు, అడగకూడదు, నడవాలి. ఎవరని బస్సులో అడగవచ్చు.