మా పెద్ద మామ మిక్సర్, చిన్న మామ కంప్యూటర్

మా పెద్ద మామ మంగళవారం ఉదయం ఏడు గంటలకు నాంపల్లిలోని ఒక దవాఖానలో చనిపోయాడు. ఆయన మా అమ్మకు అన్న. గుండె జబ్బు. చివరి వారమంతా అక్కడే ఉన్నాడు. ఆబిడ్స్‌లో ఆయన నడిపిన రికార్డింగ్ స్టూడియోలో గోడకు అవతలి వైపు కూర్చునే తమ్ముడు, అంటే మా చిన్న మామ, ఒక్కసారి కూడా చూడటానికి రాలేదు. చావు కబురు ఆయనకు ఫోన్లో నేనే చెప్పాను. "సరే" అన్నాడు. ఆ వెంటనే, "మిక్సర్ ఆన్‌ల ఉన్నదా, బంద్ చేసిన్రా?" అని అడిగాడు.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్లు అందరికీ తలలో నాలుక అని రాయడం మా పత్రికల్లో అలవాటు. పెద్ద మామ గురించి అలా రాస్తే మా పెద్దత్తమ్మే నవ్వుతుంది. ఆయన కోపిష్టి. మనిషి గుమ్మంలోకి రాగానే మొదటి మాట తిట్టే. స్టూడియోలో దగ్గినవాళ్లను బయటికి పంపేవాడు. గాజులు చప్పుడయ్యాయని, పాడటానికి వచ్చిన ఒక పెళ్లికూతురి చేత గాజులు తీయించబోయి, వాళ్ల అమ్మతో చెంపదెబ్బ తినబోయాడు. ఆయనకు పని బాగా వచ్చని మాత్రం తిట్లు తిన్నవాళ్లే చెప్పేవాళ్లు.

తొంభైల మొదట్లో ఆ అన్నదమ్ములిద్దరూ నాంపల్లిలో మైక్ సెట్లు కిరాయికి ఇచ్చేవాళ్లు. పెళ్లిళ్లు, జాతరలు, ఎన్నికల మీటింగులు. పెద్ద మామ ఎప్పుడూ హారన్ స్పీకర్ పక్కనే నిలబడేవాడు. దూరం నుంచి వింటే తప్పు దొరకదనేవాడు. క్యాసెట్ల గిరాకీ పెరిగాక ఆబిడ్స్‌లో ఒక పాత బిల్డింగ్ మేడ మీద స్టూడియో పెట్టారు. భక్తి పాటలు, చర్చి పాటలు, పల్లె పాటలు, ఏవి వస్తే అవి. పెద్ద మామ మైకుల శబ్దాలు కలిపే మిక్సర్ ముందు, చిన్న మామ వాటిని రికార్డు చేసే స్పూల్ టేప్ మిషన్ ముందు కూర్చునేవాళ్లు.

నేను బషీర్‌బాగ్‌లో పేపర్లో విలేకరిగా చేరిన కొత్తలో డ్యూటీకి వెళ్తూ అక్కడ ఆగేవాణ్ణి. హలో హలో మైక్ టెస్టింగ్ అంటే ఆయనకు ఒళ్లు మండేది. పాడటానికి వచ్చినవాళ్ల చేత "కాచిగూడ, బషీర్‌బాగ్, మొజంజాహీ మార్కెట్" అనిపించేవాడు. చ, ష, జ సరిగ్గా పలికితే మిగిలిన అక్షరాలు వాటంతట అవే వస్తాయని ఆయన లెక్క.

ఒకరోజు ఒక ప్రెస్‌మీట్ గురించి చెబుతూ, మంత్రి కోపంగా మాట్లాడాడని అన్నాను.

"కోపం నీకు వినవడ్డదా?" అన్నాడు పెద్ద మామ.

"ముఖం చూస్తే తెలుస్తుంది కదా మామా."

"ముఖం ఫోటో తీసేటోడు చూసుకుంటడు. నువ్వు విన్నది రాయి. అనుకున్నది ఇంట్ల పెట్టుకో."

ఈ వృత్తిలో నాకు ఎవరైనా పాఠం చెప్పారంటే అదే. ఆయన దాన్ని పాఠంగా చెప్పలేదు, తిట్టుగా చెప్పాడు.

గొడవ కంప్యూటర్‌తో మొదలైంది. తొంభైల చివర్లో చిన్న మామ అన్నకు చెప్పకుండా స్పూల్ మిషన్ అమ్మేసి, కంప్యూటరూ, రికార్డింగ్ సాఫ్ట్‌వేరూ తెచ్చిపెట్టాడు. పెద్ద మామ స్టూడియోకు తాళం వేశాడు. చిన్న మామ తాళం పగలగొట్టాడు. ఇంటి పెద్దలు కూర్చున్నారు. వాళ్లలో మా నాన్న ఒకడు. చాయ్ తాగి, స్టూడియోను పంచారు. మైకులు, మిక్సర్, పాడే గది పెద్దోడికి. కంప్యూటర్, సాఫ్ట్‌వేర్, వినే స్పీకర్లు చిన్నోడికి. మధ్యలో ప్లైవుడ్ గోడ. మెట్లు కూడా వేరు: ఒకరికి ముందువి, ఒకరికి వెనకవి. చెరి సగం వచ్చింది, ఇంక పంచాయితీ ఏముందని మా నాన్న లేచి చెప్పులు వేసుకున్నాడు. ఒక సగం లేకుండా రెండో సగం ఎందుకు పనికొస్తుందని ఆ రోజు అడిగినవాళ్లు లేరు.

మర్నాటి నుంచి ఒకరి దగ్గర మైకు ఉంది, రికార్డు చేసే మిషన్ లేదు. ఇంకొకరి దగ్గర మిషన్ ఉంది, మైకు లేదు. కొన్నాళ్లు ఇద్దరూ ఊరికే కూర్చున్నారు. తర్వాత పెద్ద మామ పంతానికి డిజిటల్ మిక్సర్ కొన్నాడు. దాని వెనక నుంచి ఒక సన్నని కేబుల్ ప్లైవుడ్‌లో రంధ్రం గుండా అవతలికి వెళ్లి కంప్యూటర్‌కు తగులుకుంది. ఎన్ని మైకులు పెట్టినా, ఏ మైకుకు ఆ మైకు విడిగా, ఆ ఒక్క కేబుల్లోనే వెలుతురుగా మారి వెళ్లేది. అన్నదమ్ముల మధ్య ఆ తర్వాత నేరుగా నడిచిన వ్యవహారం అదొక్కటే.

మాటలు మాత్రం గిరాకీల ద్వారా, అంటే పాడటానికి వచ్చినవాళ్ల ద్వారా నడిచేవి. పెద్ద మామ పాడేవాళ్ల హెడ్‌ఫోన్లోకి చెప్పేవాడు: "అమ్మా, గోడకవతల ఒక పెద్దమనిషి కూసున్నడు. నిద్ర లేస్తే రికార్డు పెట్టమని చెప్పు." చిన్న మామకూ ఆ మాట వినబడేది, కేబుల్లోంచి అన్నీ వస్తాయి కాబట్టి. ఆయన ప్లైవుడ్ మీద ఠపీమని కొట్టేవాడు. రికార్డింగ్ మొదలైందని అర్థం. ఒక జానపద గాయకుడు హెడ్‌ఫోన్ తీసేసి, "అన్నా, నేను పాట పాడాల్నా, మీ ఇద్దరి పంచాయితీ తెంపాల్నా?" అని అడిగాడు. అతను మళ్లీ రాలేదు. అలా మళ్లీ రానివాళ్లు పెరిగారు.

చివరికి నిలిచిన పెద్ద గిరాకీ ఒక టీచరమ్మ. మెదక్ నుంచి వచ్చి స్థిరపడిన క్రిస్టియన్ కుటుంబం, రిటైరయ్యారు. చూపు లేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేయించేవారు. ఏడాది పొడవునా పని. అది పోతే స్టూడియో మూతపడుతుందని ఇద్దరు మామలకూ తెలుసు.

ఒకరోజు నేను అక్కడ ఉండగా టీచరమ్మ పుస్తకం తెరవకుండా నిలబడ్డారు.

"పిల్లలు అడుగుతున్నారండీ. టీచర్, పాఠంలో పురుగు దూరిందా, టిక్కు టిక్కుమంటుంది అని. వాళ్లు చెవులతోనే చదువుకోవాలి. ఆ టిక్కు దగ్గరే వాళ్ల ధ్యాస ఆగిపోతుంది."

ఆ టిక్కు ఎందుకొస్తుందో చిన్న మామ నాకు ముందే చెప్పాడు. డిజిటల్ మిషన్లు రెండు కలిపినప్పుడు రెంటికీ లోపల గడియారాలుంటాయి. ఒకటి ముందు నడవాలి, రెండోది దాన్ని అనుసరించాలి. ఏది ఏదైనా పర్వాలేదు, కానీ రెండూ నడిపిస్తామంటే అడుగు తప్పిన ప్రతిచోటా ఒక టిక్కు పడుతుంది. ఈ పని తెలిసిన ఎవరైనా మొదటి రోజే సరిచేసుకుంటారు. మా మామలు చేసుకోలేదు. పెద్దోడి మిషన్ చిన్నోడి మిషన్ వెనక నడవడమేందని ఒకరు. కంప్యూటర్ పోయి మిక్సర్ మాట వినుడేందని ఇంకొకరు.

"టిక్కు లేదు" అన్నాడు పెద్ద మామ. "నిన్న మొత్తం విన్న. ఏం లేదు."

గోడ అవతలి నుంచి చిన్న మామ అరిచాడు: "చెవులు కడుక్కొని వినుమను!"

"అమ్మా, గాయన కంప్యూటర్ల పురుగులు పడ్డయంట, ఫినాయిల్ పోసుకోమను!"

టీచరమ్మ కోప్పడలేదు. సంచిలోంచి చిన్న ప్లేయర్ తీసి, పాఠం సీడీ పెట్టి, హెడ్‌ఫోన్ నాకు ఇచ్చారు. "మీరు పేపరాయన కదా. మీరు విని చెప్పండి. ఉందంటే నేను వచ్చే వారం నుంచి కాచిగూడలో ఇంకో చోట చూసుకుంటాను. పిల్లలకు పరీక్షలున్నాయి."

విన్నాను. ఆమె గొంతు శుభ్రంగా ఉంది. దాని మీద సన్నగా, ఎండిన పుల్ల విరిగినట్టు, టిక్కు. కాసేపటికి ఇంకోటి. దానితోపాటు ఇంకో సంగతి కూడా గమనించాను. ఆమె స అన్న ప్రతిసారీ ఈల వేసినట్టుంది. అంత పదును ఎవరూ కావాలని పెట్టరు, ఆ పదును తమకు వినబడనివాళ్లు తప్ప.

పెద్ద మామ నా ముఖం వైపు చూస్తున్నాడు.

"టిక్కు ఉంది మామా" అన్నాను.

"పో బయటికి" అన్నాడు. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి, "పేపరోళ్లు ఎన్నడన్న నిజం చెప్పిన్రా!" అన్నది కూడా వినబడింది. ఆ తర్వాత కొన్నేళ్లు ఆయన నాతో మాట్లాడలేదు. పెళ్లిళ్లలో నేను ఒక బంతిలో కూర్చుంటే ఆయన రెండో బంతికి ఆగేవాడు.

కానీ టీచరమ్మ కాచిగూడ వెళ్లలేదు. మరుసటి వారం ఆమె నాకు వినిపించిన సీడీలో టిక్కు పోయింది. స కూడా మామూలుగా పలికింది. కారణం ఏమిటని నేను వెనక మెట్లెక్కి చిన్న మామను అడిగాను. ఆయన తెర మీద ఒక చిన్న గడి చూపించాడు. తన కంప్యూటర్‌ను అన్న మిక్సర్ గడియారం వెనక నడిచేలా మార్చేశాడు. అవతలి నుంచి వచ్చిన గొంతులో పదును కూడా ఇవతల తగ్గించి, ఆ తర్వాతే సీడీ చేస్తున్నాడు.

"గాయనకు సన్నటి పైశబ్దాలు వినవడ్తలేవు" అన్నాడు. "హారన్ల పక్కపొంటి నిలవడి నిలవడి పోయినయి. తెలిస్తే రికార్డిస్టని ఎవడంటడు?"

"మరి చెప్పరాదా?"

"నేనా? నేను సచ్చినా చెప్ప. నువ్వు చెప్పినవంటే నీ కాళ్లిరగ్గొడ్త. గాయనకు నెత్తికెక్కుతది, తమ్ముడు దారికొచ్చిండని."

నెత్తికెక్కనే ఎక్కింది. తన మిక్సర్లో ఏమీ మార్చకుండానే టిక్కు పోయిందంటే ఎవరు మార్చారో ఆయనకు అర్థమైంది. వాడిప్పుడు నా గడియారం మీదనే బతుకుతున్నడని పెద్ద మామ చుట్టాలందరికీ చెప్పుకున్నాడు. చిన్న మామ అది విని ప్లైవుడ్ మీద ఇంకాస్త గట్టిగా కొట్టేవాడు. మిగతా అన్ని విషయాల్లో గొడవ మునుపటిలాగే సాగింది. కరెంటు బిల్లు మీద, మెట్లు ఊడ్చే మనిషి మీద, ఎవరి గిరాకీ ఎవరి చెప్పులు తొక్కిందన్నదాని మీద. టీచరమ్మ పుస్తకాలు మాత్రం ఒక్కొక్కటే పూర్తవుతూ వచ్చాయి. పిల్లల నుంచి మళ్లీ ఫిర్యాదు రాలేదు.

పోయిన వారం దవాఖానలో చూడటానికి వెళ్లాను. నాతో మాట్లాడతాడని అనుకోలేదు. చాలా గట్టిగా మాట్లాడాడు. వినబడనివాళ్లు అలాగే మాట్లాడతారు. పక్క మంచాలవాళ్లంతా తిరిగి చూశారు.

"అల్లుడా, గాడు వచ్చిండా?"

"రాలేదు మామా."

"రాడు. హరామి. నేను పంపేది ఒకటి, సీడీల వచ్చేది ఒకటి. ఒకసారి సీడీ తెచ్చి నా మిక్సర్‌లనే పెట్టి, కింది శబ్దాలన్ని కోసేసి మీటర్ చూసిన. పైన నేను పెట్టినంత లేదు. గాడు తగ్గిస్తున్నడు. చెవులు పోయినయి గని కండ్లు పోలే."

"ఎప్పుడు చూశారు?"

"నువ్వు టిక్కు ఉన్నదన్నవు సూడు, గప్పుడే, జర అటు ఇటుగ."

"మరి ఇన్నేళ్లు ఆయన్ని అడగలేదేం?"

నన్ను చూసిన చూపులో పాత కోపమే ఉంది. ప్రెస్‌మీట్ గురించి చెప్పిన రోజు చూసిన చూపు.

"అడిగితే బంద్ చేస్తడు" అన్నాడు.

తర్వాత నర్సును తిట్టాడు, సెలైన్ సీసాను తిట్టాడు, నన్ను ఇంటికి పొమ్మన్నాడు. నాతో ఆయన మాట్లాడిన చివరి మాటలు అవి. క్షమాపణ, ఆశీర్వాదం వంటివేవీ లేవు. ఉన్నాయని రాస్తే అది నేను వినని మాట.

దహనానికి చిన్న మామ వచ్చాడు. గేటు దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాలేదు. పెద్దత్తమ్మ ఆయన్ని చూసి ముఖం తిప్పుకుంది. పొగ లేచాక వెళ్లిపోయాడు. పెద్ద మామ దవాఖానలో అన్న మాట నేను నిన్న స్టూడియోకు వెళ్లి ఆయనకు చెప్పాను, విన్నది విన్నట్టు. ఆయన కుర్చీలో నుంచి లేవలేదు. తెర మీద పాఠం ఒకటి సగంలో ఆగి ఉంది.

"అడిగితే బంద్ చేస్తడు అన్నడా?"

"అన్నాడు."

"ఔ" అన్నాడు చిన్న మామ. "చేస్తుంటి."

నేను లేవబోతుంటే, "మొండోడు. సచ్చేదాంక ఒక్క మాట అనలే" అన్నాడు. అది తిట్టో మెప్పో నాకు తెలియలేదు కాబట్టి రాయడం లేదు.

టీచరమ్మ సోమవారం పదకొండు గంటలకు వస్తారు. పుస్తకంలో ఇంకా సగం మిగిలి ఉంది, పిల్లలకు పరీక్షలు దగ్గరపడ్డాయి. మిక్సర్ గది తాళంచెవి పెద్దత్తమ్మ దగ్గర ఉంది. దాని కోసం ఆదివారం తానే ఇంటికి వస్తానని చిన్న మామ నాతో చెప్పి పంపాడు. ఆమె ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. ఎన్ని గంటలకు వస్తాడో కనుక్కొని రమ్మంది.