కోతలో జోలపాట

మా అమ్మ పాట ఎత్తుకుంటే మిరపచేలో ముప్పై మంది చేతులు ఒక్కలా ఆడేవి. రోజు కూలి రోజులవి. పాట జోరుగా సాగితే గోతాలు జోరుగా నిండేవి. అందుకే పర్చూరు పక్కనున్న మా ఊళ్లో రైతు ముందు అమ్మకు కబురు పంపి, ఆ తర్వాతే మిగతా వాళ్లను పిలిచేవాడు. ఆదివారం చర్చిలోనూ పాట అమ్మదే. నాకు మాత్రం ఆ గొంతు రాలేదు, నోరు వచ్చింది.

ఇంటరు తప్పిన ఏడాది నేనూ కోతకెళ్లాను. అక్క తన మూడు నెలల పాపను ట్రాక్టరు నీడలో ఉయ్యాల కట్టి పడుకోబెట్టింది. పొద్దెక్కేసరికి పాప ఏడుపు అందుకుంది. అక్క సాలు వదిలి కదలబోతే, అన్నాల వేళ దాకా ఎవరూ లేవకూడదని రైతు ఆపేశాడు. ఒకరిని వదిలితే అందరూ లేస్తారట. అక్క రవిక పాలతో తడిసిపోయింది. కాయలు కోసిన చేతులతో కళ్లు తుడుచుకోవడానికి లేక అలాగే ఏడ్చింది. నేను నోరు తెరవబోతే అమ్మ నా మోచెయ్యి గిల్లింది.

తర్వాత పాట మార్చింది. జోలపాట, ఉయ్యాల ఊగినంత నెమ్మదిగా. ముప్పై మందీ అందుకున్నారు. చేతులూ ఆ పాటతోనే నడిచాయి. ఎవరూ పని ఆపలేదు, ఇక తప్పు పట్టడానికేముంది? రైతు గట్టు మీద అటూ ఇటూ తిరిగి, చివరికి అమ్మ దగ్గరికొచ్చి జోరు పాట ఎత్తమన్నాడు.

"పాటెట్టా నడిస్తే చెయ్యి అట్టా నడిచిద్దండి. బిడ్డ ఏడుస్తుంటే నాకు జోలే వస్తంది" అంది అమ్మ.

ఆయన అక్క వైపు చూడకుండానే, వెళ్లమని చెయ్యి ఊపాడు. ఆ తర్వాత పాలిచ్చే తల్లులు ఆ చేలో ఎవరినీ అడక్కుండానే లేచేవాళ్లు.

ఇప్పుడు కోతలో ఎవరి చెవిలో వాళ్ల ఫోను పాటే. ఆ చేను దాటినప్పుడల్లా ముప్పై గొంతులూ గుర్తొచ్చి దిగులేస్తుంది. అమ్మ గొంతు కూడా బొంగురుపోయింది.

మొన్న ఆ పాపే ఫోను చేసింది. పెద్దదై, గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పనిలో ఉంది. "అమ్మమ్మా, ఆ జోల ఒకసారి పాడవా, మేమందరం నేర్చుకుంటాం" అంది.



"ఎవరి బిడ్డే ఏడుస్తంది?" అని అడిగింది అమ్మ.

జవాబు విని, ఆ బొంగురు గొంతుతోనే ఎత్తుకుంది.