ఫెయిలైన బోర్ల చుక్కలు

అనంతపురం జిల్లాలో యాడికి అనే ఊరి చుట్టుపక్కల పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో నా మొదటి ఉద్యోగం. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు. బోర్ల వివరాలను కంప్యూటరు తెర మీద రైతులే చూసుకునేలా పెట్టమన్నారు. చదువు రానివాళ్లకు కూడా అర్థం కావాలి. అందుకని అంకెలు తీసేసి, ఒక్కో ఊరి పటం బొమ్మగా గీసి దాని మీద చుక్కలు పెట్టాను. నీళ్లున్న బోరుకు నీలం, ఫెయిలైన దానికి ఎరుపు. తమ ఊరి బొమ్మలో ఏం కనబడాలో ఆ ఊరివాళ్లే ఎంచుకోవచ్చు. వద్దనుకున్నది ఒక్క నొక్కుతో మాయం. ఆ సౌకర్యం చూసుకుని తెగ మురిసిపోయాను.

ఊళ్లవాళ్లు మొదట మాయం చేయించింది ఎరుపునే. అందరికంటే ముందు వచ్చినవాడు చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉన్న ఒక రైతు.

“ఆ ఎర్ర సుక్కలు తీసెయ్ మ్మా. మా ఆడోళ్లు సూసి ఏడుస్తాండారు. పోయినదాన్ని దినామూ సూడల్లనా?”

మా పైఅధికారితో పోట్లాడాను. కీడెంచి మేలెంచమన్నారు కదా, ఎరుపు లేకపోతే ఇది గోడకు తగిలించుకునే క్యాలెండరే అన్నాను. “వాళ్ల ఊరు, వాళ్లిష్టం,” అన్నాడాయన, ఫైలులోంచి తల ఎత్తకుండా. ఒక ఊరిని చూసి ఇంకో ఊరు ఎరుపు తీయించింది. చివరికి తెరంతా నీలమైంది. వానల్లేని ఆ ఏళ్లలో అంత నీలం మా తెర మీద తప్ప ఎక్కడా లేదు.

మరుసటి ఎండాకాలం ఆ రైతు తోట ఎండడం మొదలుపెట్టింది. చెట్ల నిండా కాయ. ఆయన భార్య పుట్టింటి ఊళ్లో వాళ్లకు కొంచెం నేల ఉంది. అక్కడ బోరు వేయించి, పైపులైనుతో తోటకు నీళ్లు తేవాలనుకున్నాడు. నేను అనంతపురంలో ఉన్న రోజు ఆఫీసుకు వచ్చి ఆ ఊరి బొమ్మ తానే తెరిచి చూసుకున్నాడు. ఎవరినీ అడిగే పని లేకుండా చేయడమే కదా నా పనితనం. ఊళ్లో కనబడినవన్నీ నీలం చుక్కలే. తాను తీయించినట్టే ఆ ఊరివాళ్లూ ఎరుపు తీయించి ఉంటారని ఆయనకు తట్టలేదు.

సంగతి తెలిసి నేను బస్సు దిగి వెళ్లేసరికి బోరుబండి చుట్టూ తెల్లటి రాతిపొడి లేస్తోంది. ఊరంతా నిలబడి చూస్తోంది. తడి తగలకుండానే బండివాళ్లు పైపులు బయటికి లాగడం మొదలుపెట్టారు. రైతు గట్టు మీద కూలబడ్డాడు. ఆయన బావమరిదిని పక్కకు పిలిచి, ఊరికి ఈ పక్క ఇంతకుముందు ఎవరికైనా నీళ్లు పడ్డాయా అని అడిగాను.

“యాడ పడినాయి మ్మా. ఈ పక్కంతా దుమ్మే.”

“మరి ముందే చెప్పలేదేం?”

“పొద్దున బండితోనే వచ్చినాడు. బండి ముందర టెంకాయ కొట్టినంక కీడు మాట ఎవరన్నా అంటారా? నీళ్లు పడకుంటే మా నోటి వల్లనే పోయిందంటారు.”

ఆ ఆచారం నాకు తెలియనిది కాదు. మా ఇంట్లోనూ అంతే. అయినా ఒళ్లు మండిపోయింది. ఆ బావమరిది మీద, మా అధికారి మీద, అన్నిటికంటే ఆ తెర మీద. అది కూడా ఊళ్లో మనిషి లాగే కీడు మాట ఆడకుండా మర్యాదగా ఊరుకుంది.

ఎరుపును ఎవరూ తీయలేకుండా బొమ్మ మార్చాను. ఈసారి ఎవరి అనుమతీ అడగలేదు. తెర ఎర్రబడింది. జనం వచ్చారు, చూశారు, పోయారు. మళ్లీ రాలేదు.

ఈ మార్పు గురించి చెబుదామని ఆ రైతు దగ్గరికి వెళ్లాను. తోట కొట్టిస్తున్నాడు. కొమ్మలకు గోలీలంత కాయలు ఇంకా వేలాడుతున్నాయి. చూడలేకపోయాను.

“అన్నా, ఎరుపు ముందే కనబడి ఉంటే నువ్వు బోరు వేయించేవాడివి కాదు కదా?” అన్నాను. వేయించేవాణ్ని కాదు అని ఆయన అనాలని నా ఆశ.

“ఏసేవాణ్నే మ్మా. ఆడ కాకుంటే ఇంగో తావున. కాయ మీదుండే చెట్టు ఎండిపోతాంటే, బొమ్మ సూసి ఇంట్లో కూర్చుంటానా?”

కూలీలు తాడు లాగారు. చెట్టు మా వైపే ఒరిగింది. ఇద్దరమూ పక్కకు జరిగాం.