ఉల్లిగడ్డలు కోసిన మిలిటరీ బాకు

వనపర్తిలో డిగ్రీ చదివే ఆ రోజుల్లో, పాతబడిన ప్రతి వస్తువూ నిజం చెప్పడానికి నాకోసమే ఎదురుచూస్తోందని నమ్మేదాన్ని. నాది చరిత్ర మరి. (మార్కులు మాత్రం ఆ నమ్మకాన్ని ఎప్పుడూ బలపరచలేదు.)

మా నాయనమ్మను అవ్వ అంటాం. ఆమె ఉయ్యాలలో ఉన్నప్పుడే వాళ్ళ నాయన యుద్ధానికి వెళ్ళాడట. మనిషీ రాలేదు, కబురూ రాలేదు. వెంట వెళ్ళినవాడొకడు ఒక బాకు తెచ్చి గడపమీద పెట్టి, తలెత్తకుండా వెళ్ళిపోయాడట. అవ్వ వాళ్ళమ్మ దాన్ని పొట్టిగా కోయించి, తుమ్మకర్ర పిడి వేయించి వంటింట్లో పెట్టుకుంది. ఆ ఇంట్లో కొడుకులు లేరు. అందుకే పెద్దలకు పెట్టుకునే పెత్రమాస నాడు అవ్వే విస్తరి వేసి, దాని ముందు ఆ బాకును ఉంచి అన్నం పెట్టేది. మిగతా రోజుల్లో దానితోనే ఉల్లిగడ్డలు కోసేది.

ఒక పెత్రమాసకు అవ్వ ఆడబిడ్డ, మా చిన్నవ్వ, గారె తింటూ అంది: "మిలిటరీదా ఇది? పెబ్బేరు సంతల కొన్నట్టుంది. మీ నాయన యుద్ధానికే పోయిండో, బొంబాయి పోయి ఇంకోదాన్ని చేసుకున్నడో ఎవలికెరుక వదినె."

అవ్వ ఇంకో గారె ఆమె విస్తట్లో వేసింది. నాకే రోషం వచ్చింది. "నేను తేలుస్త" అన్నాను.

పిడి కొత్తది, అంచు కొత్తది, కొన లేదు. చిన్నవ్వ మాటే నిజమేమోనని భయం వేసింది. ఏదైనా ముద్ర ఉంటే పిడి కిందే ఉండాలి. అవ్వను వెంటబెట్టుకుని కొత్తకోట వెళ్ళాను. లారీలు బాగుచేసే షెడ్డులో మెకానిక్ బాకును అటూ ఇటూ తిప్పాడు.

"మంచిగున్న పిడిని ఊడగొట్టుడెందుకమ్మా?"

"పరిశోధన అన్నా."

"గట్లనా" అని జాలిగా చూసి, మేకులు కొట్టి తీశాడు. లోపల నల్లటి ఉక్కుమీద బాణం గుర్తు, దాని కింద అంకెలు. తెల్లవాళ్ళ సర్కారు సైన్యం ముద్ర. నేను దాదాపు గంతులేశాను. "అవ్వా, అసలుదే. మిలిటరీదే."

అవ్వ అక్కడున్న లారీ టైరుమీద కూర్చుంది. కొంగుతో ఆ గుర్తును తుడిచింది.

"అంటే సచ్చిపోయిండన్నట్టే గదనే."

అప్పుడు వెలిగింది నాకు. నేను అవమానమనుకున్న ఆ బొంబాయి మాటే అవ్వ ఆశ. ఏటా విస్తరి వేస్తూనే, ఏ సవతి తల్లితోనో కాపురం చేసుకుంటూ ఎక్కడో బతికే ఉన్నాడన్న ఆశ. వెంటనే ప్లేటు ఫిరాయించాను. "మిలిటరీదైతే మాత్రం ఆయనదే అని ఏముంది అవ్వా? ఇసొంటివి హైదరాబాదు చోర్‌బజార్ల బొచ్చెడు."

"పిడి ఊడగొట్టిస్తివి, ఇప్పుడు గిట్లంటున్నవ్. ఏం సదువే నీది" అని, మెకానిక్ వైపు తిరిగి, "ఎప్పటి లెక్కనే బిగియ్యి బిడ్డా, ఆ గుర్తు కనబడొద్దు" అంది.

ఇంటికొచ్చాక అవ్వ లోపలికి అడుగుపెట్టలేదు. చావు కబురు విన్నవాళ్ళలాగా వాకిట్లోనే కూర్చుని స్నానానికి నీళ్ళు అడిగింది. "జర ఆగు వదినె, కాగబెడ్త" అంటూ, పండక్కొచ్చి ఇంకా మా ఇంట్లోనే ఉన్న చిన్నవ్వే పొయ్యి దగ్గరికి పరుగెత్తింది. తలమీద నీళ్ళు పోసిందీ ఆమే. ఆ తర్వాత బొంబాయి పేరెత్తలేదు.

కొన్నేళ్ళకు అవ్వ పోయింది. బాకు నాకొచ్చింది. ఇప్పుడు నాకో పసిబిడ్డ. నిద్రలో బిడ్డ ఉలిక్కిపడకుండా తలకింద ఇనుము పెట్టాలంటారు మా వైపు. నాకంత ధైర్యం లేదు. అవ్వ పాత చీరలో చుట్టి మంచం కింద పెట్టాను, చుట్టు ఊడిందేమోనని మాటిమాటికీ వంగి చూస్తుంటాను. "ఇంతకూ అది అసలుదేనా?" అని మా ఆయన అడిగితే, చరిత్రలో పట్టా ఉన్నదాన్ని, నిదానంగా ఆలోచించి చెప్పాను:

"తెల్వదు."