అమ్మ గుడిలో నేను పెట్టించిన వేదిక

ఐరాలకూ పూతలపట్టుకూ నడుమ, బస్సు ఆగదు గానీ దూకే ధైర్యం ఉన్నవాళ్లు దిగే ఊరు మాది. ఊరి చివర అమ్మ గుడి. దాని రాతి మండపం వయసెంతని అడిగితే, తిరుమల కొండ కంటే రెండేళ్లు పెద్దదని ముసలివాళ్లు చెప్పేవాళ్లు. ఆ రెండేళ్లకు సాక్ష్యం ఎవరని నేను అడగలేదు.

ఏటా ఎండాకాలంలో ఆ మండపంలో పద్దెనిమిది దినాలు వీధినాటకం. అందులో చెడ్డరాజు వేషం మా నాయనది. చివరి దినం పొద్దున రాజు చావాలి. చచ్చేముందు ఊరి ఆడవాళ్లు చీపుర్లు పట్టుకొని ఆయన్ని తరిమి కొట్టాలి. ఎన్ని దెబ్బలు పడితే అంత గొప్ప రాజు. మా నాయన తిన్న దెబ్బలకు జిల్లాలో చీపురుపుల్లకు కరువొచ్చింది. ఆయన గొంతెత్తితే పూతలపట్టు కూడలిలో ఎద్దులు నిలబడిపోయేవి. ఆయన కొయ్యకిరీటం ఎత్తడానికి ఇద్దరు కావాలి, దించడానికి మాత్రం ఆయనొక్కడే ఒప్పుకోవాలి. చదువు మాత్రం అక్షరం ముక్క రాదు. పద్యాలన్నీ వాళ్ల నాయన నోటి నుంచి విని పట్టుకున్నవే.

డెబ్భైల చివర్లో వానలు ఎగ్గొట్టాయి. తిరునాళ్ల పెట్టే ఓపిక ఎవరికీ లేక ఆటలు ఆగిపోయాయి. మండపం పెచ్చులూడింది. వానలే లేని ఊళ్లో కారే కప్పు దేశం మొత్తానికి మాదొక్కటే అయుంటుంది. అప్పుడు మా ఊరి అల్లుడు, చిత్తూరులో బెల్లం మండీ ఉన్న పెద్దమనిషి, గుడిని కళాకేంద్రం చేద్దామన్నాడు. గర్భగుడిలో అమ్మ ఎక్కడికీ పోదు. మండపానికి గోడలు కట్టి, పైన రేకులు వేసి, లోపల వేదిక, కుర్చీలు, ట్యూబ్‌లైట్లు పెడతాం. అంతే.

నేనప్పుడు తిరుపతిలో గుమాస్తాను. హాల్లో కుర్చీ మీద కూర్చుని మూడు నాటకాలు చూసినవాణ్ని. ఆ మూడింటి పుణ్యాన, ఈ పనికి వేసిన కమిటీలో నన్ను మించిన పండితుడు లేకుండా పోయాడు.

“వేదిక యాడ పెట్టల్లో నువ్వే చెప్పబ్బా. సూసినోడివి,” అన్నాడు మండీ పెద్దమనిషి.

గర్భగుడి వాకిలికి ఆనించి పెట్టమన్నాను. ఆ పక్క కప్పు ఎత్తు. వాకిలికి అడ్డంగా రాజమహలు బొమ్మ వేసిన తెర కడితే చూడ్డానికి బాగుంటుంది. కమిటీ పెద్దలంతా తలలూపారు. ఒక్క తలైనా అడ్డంగా ఊగి ఉంటే ఇవాళ ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

నాయన అడిగింది ఒకటే. “మాకు ఆడేదానికి తావుంటాదా?”

“మొదటి ఆటే నీది నాయనా. రాజు చచ్చే ఆట.”

 ఆయన అటక మీది కిరీటం దించి, నెల రోజులు దానికి ఆముదం పట్టించాడు. ఆ నెల మా ఇంట్లో ఎవరి తలకూ ఆముదం దొరకలేదు.

ప్రారంభానికి ముందు రోజు వచ్చి వేదిక చూశాడు.

“అమ్మ యాడుండాది?”

“తెర ఎనకాల.”

“నేను యాడ నిలబడల్ల?”

“తెర ముందర.”

“అంటే అమ్మకు ఈపు సూపించి ఆడల్లనా?”

అప్పుడు గుర్తొచ్చింది. వీధినాటకం ఎప్పుడూ అమ్మకు ఎదురుగా ఆడేదే. జనం నాలుగు పక్కలా కూర్చునేది చూడ్డానికి. కానీ ఆట ఆమెకు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న సంగతిని మూడు నాటకాలు చూసి మర్చిపోయినవాణ్ని నేను.

“తెర ఉండాది కదా నాయనా. అమ్మకు కనపడదులే,” అన్నాను. ఇంత తెలివైన మాట మళ్లీ జన్మలో అనలేదు.

మరునాడు పొద్దున తిరుపతి నుంచి ఆఫీసరొకాయన వచ్చాడు. ఆయన మెడలో పూలదండలు కిందికి దించితే మా ఆవుకు వారం రోజుల మేత. నాయన గజ్జెలు కట్టి, కిరీటం పెట్టి వేదిక ఎక్కాడు. తెర వైపు తిరిగి, జనానికి వీపు పెట్టి, పద్యం ఎత్తుకున్నాడు. రేకులు అదిరాయి. వెనక వరసల్లో మా ఊరి ఆడవాళ్లు చీపుర్లు ఒళ్లో పెట్టుకుని దండం పెట్టారు.

“ఏమప్పా, ఆయనకు బయమా?” అన్నాడు ఆఫీసరు.

మండీ పెద్దమనిషి నా చెయ్యి గిల్లాడు. “పోబ్బా, మీ నాయన్ని ఇట్ల తిప్పు. మానం పోతాండాది.”

పోయాను. వేదిక ఎక్కి, చెవి దగ్గర మెల్లగా చెప్పాను. “నాయనా, ఇట్ల తిరుగు. నాకోసరం.”

తిరిగాడు. నా కోసం తిరిగాడు. నోరు తెరిచాడు. ముప్పై ఏళ్లుగా నిద్రలో కూడా తప్పని పద్యం రాలేదు. కుర్చీల వంక, దండల వంక చూశాడు. మళ్లీ నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. కిరీటం తనే తీసి వేదిక మీద పెట్టి, గజ్జెలు మోగకుండా అడుగులు వేస్తూ దిగిపోయాడు. ఆడవాళ్లు చీపుర్లు ఇంటికి తీసుకుపోయారు. రాజు చావలేదు. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ వేషం కట్టలేదు.

కళాకేంద్రంలో ఆ తర్వాత కుట్టుమిషన్లు ఆడాయి, ఎరువుల మూటలు ఆడాయి. నాయన కిరీటాన్ని గోడకు అద్దాల పెట్టెలో పెట్టారు. కింద చీటీ రాసింది నేనే. ఒక మనిషి పేరు రాస్తే ఇంకొకరు అలుగుతారన్నాడు మండీ పెద్దమనిషి. ‘ముట్టరాదు’ అని మాత్రం రాశాను.

ఒకసారి నాయన లోపలికొచ్చి దాని ముందు నిలబడ్డాడు.

“ఏమి రాసినావబ్బా?”

“నీ పేరు నాయనా.”

అద్దానికి కళ్లు ఆనించి చాలాసేపు చూశాడు.

“బాగా పెద్దగానే రాసినావే,” అన్నాడు.