మేడ మీద కలుపు తీత

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టాలంటే కనీసం తల నెరవాలంటారు. నాకింకా రెండు వెంట్రుకలే నెరిశాయి, వాటిని కూడా ఆదివారం పూట అద్దం ముందు కూర్చుని పీకేస్తుంటాను. అయినా అనక తప్పదు, ఎందుకంటే ఆ రోజుల్లో నాకున్నంత తెలివి ఇప్పుడు లేదు. ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. రామతీర్థం వైపు పల్లె నుంచి విజయనగరం వచ్చి, బజారులో ఐదంతస్తుల బట్టల కొట్టులో చీరల సెక్షన్‌లో చేరిన ఆరు నెలలకే నేను పుట్టడమే పట్నంలో పుట్టినట్టు నడిచేదాన్ని. 'సెప్పు' అనడం మానేసి 'చెప్పండి' అనడం నేర్చుకున్నాను. (నిద్రలో మాత్రం పాత మాటే వచ్చేస్తోందని హాస్టల్లో పక్కమంచం పిల్ల చెప్పేది. దానికి నా మీద అసూయ అనుకునేదాన్ని.)

ఆ ఆరు నెలలూ ట్రయల్. అది అయ్యాక ఉంచాలో పంపాలో పెద్దసారు, అంటే మా ఓనరు, తేలుస్తాడు. నాతో పాటు చేరిన నలుగురిలో ఇద్దరిని అప్పటికే పంపేశాడు. నన్నూ పంపేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఇంటర్‌లో తప్పినప్పుడు (ఒక్క సబ్జెక్టే, అదీ లెక్కలు కాదు) ఊళ్ళో అందరూ "ఇంక ఈ గుంట నాట్లకే" అని తీర్పు చెప్పేశారు. (మా వైపు ఆడపిల్లని 'గుంట' అంటారు.) వాళ్ళ మాట నిజం కాకూడదని నా పంతం. అందుకని ఆ ఉద్యోగాన్ని రెండు చేతులా పట్టుకుని వేలాడుతున్నాను.

మా కొట్టు మేడ మీద పెద్దసారు ఒక తోట పెట్టించాడు. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, టిక్కెట్టు లేదు. కాకపోతే లిఫ్టు నాలుగో అంతస్తుతో ఆగిపోతుంది. అక్కడి నుంచి పరుపుల మధ్యనుంచి, దుప్పట్ల మధ్యనుంచి, డిస్కౌంటు బుట్టల మధ్యనుంచి దారి చేసుకుని మెట్లెక్కాలి. (ఉచితం అన్న మాటకి పెద్దసారు చెప్పుకున్న అర్థం అది.) పైన బెంచీలు, పూలకుండీలు, పొడుగాటి సిమెంటు తొట్లు, ఫోటోలు దిగడానికి గుండె ఆకారంలో ఒక ఇనప చట్రం ఉండేవి. పిట్టగోడ దగ్గర నిలబడితే ఊరంతా కనిపించేది. కోట, గంటస్తంభం, పెద్దచెరువు, రైలు పట్టాలు, మధ్యలో లెక్కలేనన్ని నల్లటి నీళ్ల ట్యాంకులు, వాటి వెనక కొండలు. ఆ చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తైన మేడ మాదే, అదొక్కటే మాకు కనపడేది కాదు.

ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా ఆ తోట నా సొంతమన్నట్టు చెప్పేదాన్ని. నన్నడక్కుండా సారు ఒక్క మొక్క కూడా నాటడని కూడా అన్నట్టు గుర్తు. అన్నీ ఫోన్‌లోనే కదా అన్న ధైర్యం. కానీ ఆ ఏడాది పొలాల్లో కలుపు తీతలు అవగానే మా అయ్య, మా మేనత్త బస్సెక్కి వచ్చేశారు. అత్త మా అయ్యకి అక్క. (మా వైపు అక్కని 'అప్ప' అంటాం.) ఇంట్లో ఏది జరగాలన్నా ఆవిడ ఊ అనాలి. ఆ వేళ మధ్యాహ్నం గంట సెలవడిగి ఇద్దరినీ మేడ మీదకి తీసుకెళ్ళాను.

అత్త చెప్పులు మెట్ల దగ్గరే వదిలేసింది. నేను గైడులా చెయ్యి చాపి మొదలుపెట్టాను. "అదిగో కోట. ఇదిగో గంటస్తంభం. ఆ దిక్కున భోగాపురం, అక్కడ విమానాలు దిగుతాయి." (అప్పటికి అక్కడ దిగేవి కొంగలే. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు.) అయ్య తలూపుతూ విన్నాడు. అత్త ఊరివైపు చూడనే లేదు, తొట్లవైపు చూస్తోంది.

"అయన్నీ సరే గానీ, తొట్టి నిండా ఊద ఇలగ బలిసిపోనాదేటే? పీకడానికి మనిషి నేడా?"

ఊద అంటే వరిలో పుట్టే కలుపు గడ్డి. చూడ్డానికి వరిలాగే ఉండి, మడిలో బలమంతా అదే లాగేసుకుంటుంది. ఆ తొట్లలో నిజంగానే అలాంటి సన్నని ఆకుల గడ్డి ఏపుగా, మెత్తటి కంకులతో ఊగుతోంది. అదేమిటో నాకు తెలీదు. కానీ 'తెలీదు' అన్న మాట ఆ రోజుల్లో నా నోట వచ్చేది కాదు. "తోటమాలి సెలవులో ఉన్నాడత్తా. ఇంకో మనిషి దొరకట్లేదని సారు ఒకటే బాధపడుతున్నారు" అన్నాను. ఆ కొట్టుకి తోటమాలే లేడు, రోజూ సాయంత్రం నీళ్ళు పోసేది పెద్దసారే.

మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఎవరి మడికైనా వెళ్తే గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడి కబుర్లు చెప్పడం మర్యాద కాదు. వంగి నాలుగు కలుపు మొక్కలైనా పీకి గట్టున పడేసి, అప్పుడు మాట్లాడాలి. అత్త కొంగు నడుముకి దోపుకుంది. "మన గుంటకి అన్నం పెడతన్నోడి మడి. సూస్తా నిలబడితే ఏటి బాగుంటాది" అని తొట్టి పక్కన కూర్చుంది. అయ్య పంచె ఎగ్గట్టి, అక్కడున్న బోర్డు కూడబలుక్కుని చదివాడు. దాని మీద 'పువ్వులు కోయరాదు' అని ఉంది. "పువ్వుల జోలికెల్లకు అప్పా" అని ఆవిడని హెచ్చరించి ఆయనా వంగాడు.

నేను ఆపాలి. ఆపుదామనే దగ్గరికి వెళ్ళాను. కానీ పదేళ్ల వయసు నుంచి అలవాటైన చేతులు కదా, పక్కన ఇద్దరు పీకుతుంటే ఊరుకోలేదు. యూనిఫాం చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని రెండో తొట్టి మొత్తం నేనే శుభ్రం చేశాను. నిజం చెప్పొద్దూ, ఆ ఆరు నెలల్లో అంత హాయిగా చేసిన పని ఇంకోటి లేదు. పీకిన గడ్డిని వేళ్ళతో సహా చిన్న చిన్న కట్టలుగా పేర్చాం. మూడో తొట్టి మొదలుపెట్టేసరికి మెట్ల మీద చప్పుడయింది.

పెద్దసారు చేతిలో టీ గ్లాసుతో వచ్చి, తొట్లవైపు చూసి, గ్లాసు పిట్టగోడ మీద పెట్టేశాడు. అరిచి ఉంటే బాగుండేది. ఆయన వంగి ఒక కట్ట చేతిలోకి తీసుకున్నాడు. "కడియం నర్సరీల నుంచి తెప్పించాను. అలంకారానికి పెంచే గడ్డి. నెలల తరబడి నీళ్ళు పోసుకున్నాను" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "ఎవరు వీళ్ళు? నీకు తెలుసా?" అని అడిగాడు. నేను మట్టి చేతులు వెనక్కి దాచుకున్నాను. అప్పుడొచ్చింది ఆ మాట.

"తెలీదు సార్. కస్టమర్లు. నేను వద్దంటూనే ఉన్నాను."

అత్త నోరు తెరిచింది. అయ్య ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. లేచి, చేతులు పంచెకి తుడుచుకుని, నావైపు తిరిగాడు. "తప్పైపోనాది అమ్మా. మీరు వొద్దన్నా మేమే యిన్నేదు. బాబూ, ఈ అమ్మగారి తప్పేటీ నేదు" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను 'ఒసే' అన్నాడు, 'గుంటా' అన్నాడు, కోపం వస్తే ఇంకా చాలా అన్నాడు. 'మీరు' అనడం అదే మొదలు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా నోరు విప్పలేదు. అంత ప్రేమ నాకు ఆ ఉద్యోగమంటే.

"ఏర్లు తెగనేదు బాబూ. బేగి పెట్టేస్తే బతికేస్తాది" అన్నాడు అయ్య. కలుపైనా వేళ్ళు తెగకుండా పీకడం వాళ్ళ పనితనం. నాటడం అంతకంటే. ఇద్దరూ కూర్చుని ఊడుపు ఊడ్చినట్టు వరసగా నాటుకుంటూ పోయారు. కాసేపటికి నీళ్ల పైపు పెద్దసారు చేతిలో ఉంది, పెత్తనం అత్త చేతిలో ఉంది. "అలగ మీదనుంచి కాదు బాబూ, మొదట్లో పొయ్యి." ఆయన మొదట్లో పోశాడు. అంతా అయ్యాక తొట్లు ముందుకంటే తీరుగా కనపడ్డాయి. ఆయన కోపం కూడా దిగిపోయింది. "ఏ ఊరు మీది? ఇక్కడ మీవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

"ఎవరూ నేరు బాబూ. తోట ఊరకే సూడొచ్చని ఎవలో సెబితే వొచ్చినాం" అన్నాడు అయ్య. నేను గంటస్తంభం వైపు చూస్తూ నిలబడ్డాను.

వెళ్ళేటప్పుడు అత్త నావైపు చూడలేదు. అయ్య మాత్రం మెట్ల దగ్గర ఆగి "వొస్తామమ్మా. మీరు జాగర్త" అన్నాడు. వాళ్ళు దిగిపోయాక నేను నాలుగో అంతస్తుకొచ్చి, పరుపుల వెనక నిలబడి ఏడ్చాను. అబద్ధమాడినందుకో, అందులో ఆయన అంత బాగా నటించినందుకో నాకే తెలియలేదు. తర్వాత ముఖం కడుక్కుని మళ్ళీ పైకెళ్ళాను.

"సార్, ఆల్లు మా అయ్య, మా అత్త. ఉజ్జోగం పోతాదని అబద్దం సెప్పినాను" అన్నాను. నేర్చుకున్న 'చెప్పండి'లన్నీ ఎక్కడికి పోయాయో తెలీదు.

"తెలుసులే" అన్నాడు పెద్దసారు, పైపు చుడుతూ. "ఆరు నెలలుగా కౌంటర్లన్నీ చూస్తున్నాను. నీతో మాట్లాడే వాళ్ళు అమ్మాయ్ అంటారు, ఇదిగో అంటారు, ఏయ్ అంటారు. చీర కొనే వాళ్ళెవరూ నిన్ను మీరు అనగా నేను వినలేదు. ఆయనొక్కడే అన్నాడు. అప్పుడే అర్థమైంది." పైపు మేకుకి తగిలించి, "బస్సు కదిలి ఉండదు, వెళ్ళు. రేపటి నుంచి ఈ తొట్లకి నీళ్ళు నువ్వే పొయ్యాలి" అన్నాడు. ఆ 'రేపటి నుంచి' అన్నదే నా అపాయింట్‌మెంటు ఆర్డరని మూడో అంతస్తు దిగాక గానీ వెలగలేదు.

యూనిఫాం చీరలోనే ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా పరిగెత్తాను. బస్సు ఇంజన్ ఆన్‌లోనే ఉంది. కిటికీ దగ్గర అత్త. "అత్తా, నన్ను ఉంచేసినారు" అన్నాను రొప్పుతూ. ఆవిడ నన్ను పైనుంచి కిందదాకా చూసి, "ఎవులమ్మా మీరు? మాకు తెలీదే" అంది. పక్కన అయ్య తల వంచుకుని నవ్వుతున్నాడు.

అత్త ఆ మాట ఇప్పటికీ వదల్లేదు. చుట్టాలందరి ముందూ అంటుంది, నేను నవ్వేస్తాను, ఆ ఇరవై రెండేళ్ల పిల్లని నేను కాక ఇంకెవరు సమర్థిస్తారు. ఇప్పుడు చీరల సెక్షన్ నా చేతికింద ఉంది. పొద్దున్నుంచీ అందరూ 'మేడమ్, మీరు' అంటుంటారు. వింటూ వింటూ ఉండగా ఒక్కోరోజు ఎందుకో లోపల గుబులు పుడుతుంది. అప్పుడు పరుపుల వెనక్కి వెళ్ళి అయ్యకి ఫోన్ చేస్తాను. ఆయన ఎత్తి "ఏటే గుంటా" అన్నాక, ఏమీ లేదయ్యా, ఊరికే చేశానని పెట్టేసి మళ్ళీ కౌంటర్‌కి వస్తాను.