బాతు కథకి నీతి

దెమాక్ ఊరి సంతలో పెచెల్ అమ్మే సార్తినెం దగ్గర తిండితో పాటు కథ ఊరికే వస్తుంది. ఉడికిన ఆకుకూరల మీద వేరుశనగ పచ్చడి పోస్తూ జంతువుల కథ చెప్తుంది. నీతి మాత్రం చచ్చినా చెప్పదు, అది తినేవాళ్లే చెప్పాలి. ఎవరి నీతికి బల్లంతా నవ్వుతుందో వాళ్ల ఆకులో పులియబెట్టిన సోయాగింజల టెంపే బజ్జీ ఒకటి ఎక్కువ పడుతుంది. ఆ బజ్జీ ఎక్కువగా కొట్టేసేది ఆవిడ చిన్నకొడుకు లస్నోయే. పెద్దవాడు తుకిరన్ తమ్ముడి నీతులకి కళ్లనీళ్లొచ్చేలా నవ్వేవాడు గానీ, తనకొక్కటీ తట్టేది కాదు.

ఇప్పుడు తుకిరన్ జైల్లో ఉన్నాడు. ఎవరిదో మోటార్‌సైకిల్ ఎత్తుకొచ్చింది లస్నో. "నాకు పెళ్లాం పిల్లలున్నారన్నా, నువ్వైతే ఒంటరివి" అని కాళ్లు పట్టుకుంటే, పెద్దవాడు వెళ్లి నేరం నెత్తిన వేసుకున్నాడు. తల్లికి సంగతి తెలుసు. నోరు విప్పితే చిన్నవాడు పోతాడు, మూసుకుంటే పెద్దవాడు. ఏ కడుపుకోత కావాలో ఎంచుకోమంటే ఏ తల్లి ఎంచుకుంటుంది? చిన్నవాడే వెళ్లి నిజం ఒప్పుకోవాలని ఆవిడ ఆశ.

అందుకే ఆ సంతరోజు లస్నో వచ్చి కూర్చున్నాక కొత్త కథ ఎత్తుకుంది. బాతు గుడ్లు దొంగిలించిన పునుగుపిల్లి బోనులో పడింది. "లోపల వాన పడదు వదినా, నా చోటు నీకిస్తా" అని బాతు చేత తలుపు తీయించి, దాన్ని లోపల పెట్టి జారుకుంది. తెల్లారి యజమాని వచ్చి, నీ గుడ్లు నువ్వే తింటావా అని బాతుని చావబాదాడు.

చెప్తున్నంతసేపూ ఆవిడ కొడుకు మొహంలోకే చూస్తోంది.

"ఏరా లస్నో, నీతేంటి?" అన్నాడు చేపల బండివాడు.

"ఏముంది మామా, బాతు లేకపోతే పునుగుపిల్లి సంసారం గడిచేదెలా? బాతులు పదికాలాలు చల్లగా ఉండాలి!"

బల్లంతా ఘొల్లుమంది. సార్తినెం గరిటె పట్టుకుని వాడినే చూస్తూ నిలబడింది.

"బజ్జీ వెయ్యత్తా, ఇంకా చూస్తావేంటి?" అన్నాడు బల్ల చివరున్న కుర్రాడు.

వేసింది. లస్నో తిని, చెయ్యి కడుక్కుని, "అన్నని అడిగానని చెప్పమ్మా" అంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు జైల్లో తుకిరన్, తల్లి తెచ్చిన అన్నం పొట్లం విప్పకుండానే అడిగాడు. "నిన్న ఏం కథ చెప్పావమ్మా? తమ్ముడేం నీతి చెప్పాడు?"

కథంతా చెప్పింది. నీతి దగ్గరికొచ్చేసరికి పొట్లం విప్పి వాడి ముందుకు జరిపింది.

"వాడేం చెప్పలేదురా. ఏడ్చాడు."

తుకిరన్ మొహం వెలిగిపోయింది. "పిచ్చోడు. వాడిది మొదట్నుంచీ జాలిగుండె. ఆ బాతు కథ ఇంకెప్పుడూ వాడి ముందు చెప్పకమ్మా" అన్నాడు.